ఆరుబయట నిద్రకు ఎవరి అనుమతి?

"ఆడవాళ్లు ఒక్కళ్లే అడవిలోకా? అందులోనూ రాత్రి పడకా?"

గత నవంబరులో మాలో చాలామంది ఇళ్లలో వినిపించిన ప్రశ్న ఇది. మేం పద్నాలుగు మందిమి. అయినా "ఒక్కళ్లే" అన్నారు. పక్కన మగవాడు లేకపోతే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నా ఒంటరివాళ్ల కిందే లెక్క. ఈ లెక్క మన భాషలోనే ఉంది. దాన్ని ఎవరూ మనకు ప్రత్యేకంగా నేర్పలేదు, మనమూ ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో స్త్రీల హక్కుల మీద పనిచేసేవాళ్లం ఏడాదికి రెండుసార్లు కలుసుకుంటాం. ఎప్పుడూ ఏదో ఒక హాల్లో, ఫ్యాను కింద, గృహహింస చట్టం గురించో కనీస వేతనాల గురించో మాట్లాడుకుని సాయంత్రం ఆరింటికల్లా ఇళ్లకు పరుగెత్తుతాం. ఈసారి అలా వద్దనుకున్నాం. తిరుపతి జిల్లాలో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉన్న తలకోన జలపాతం దగ్గరకు వెళ్లి, అటవీశాఖ అనుమతించిన చోట గుడారాలు వేసుకుని ఒక రాత్రి గడుపుదామనుకున్నాం. ఎజెండా లేదు. తీర్మానాలు లేవు. నీళ్ల చప్పుడు వింటూ పడుకోవడం ఒక్కటే పని.

ఇంత చిన్న కోరికకు ఇళ్లలో వచ్చిన జవాబులు మూడు రకాలు. తెనాలిలో ఒకామె అత్తగారు మంచి మనసుతోనే సలహా ఇచ్చింది: "తిరపతి కొండకెళ్తన్నా అని చెప్పమ్మా, ఎవరూ ఏమనరు." బాపట్లలో ఒకామె భర్త చాలా మర్యాదస్తుడు. "నేనూ వస్తాలే, తోడుగా ఉంటాను, మీ మాటల్లోకి రాను," అన్నాడు. రేపల్లెలో ఒకామె తమ్ముడు మాత్రం మొహం మీదే అడిగాడు: "మన స్టేషన్లో ఏం జరిగిందో అప్పుడే మర్చిపోయావా అక్కా?"

భక్తి ముసుగు, మగతోడు, భయం. బయటి రాత్రిలోకి వెళ్లాలంటే స్త్రీకి ఇప్పటికీ ఈ మూడే దారులు. మొదటి రెండూ ఆమెను దాటిస్తాయి, మూడోది ఆపేస్తుంది. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పకుండా తలకోన గురించి రాయడం నిజాయితీ కాదు.

2022 మే 1 తెల్లవారుజామున రేపల్లె రైల్వేస్టేషన్లో, పనికోసం భర్తాపిల్లలతో ప్రయాణిస్తున్న ఒక వలస కూలీ స్త్రీ మీద సామూహిక అత్యాచారం జరిగింది. బండి దిగేసరికి పొద్దుపోయింది. ముందుకు వెళ్లే దారి లేక ఆ కుటుంబం ప్లాట్‌ఫారం మీదే పడుకుంది. భర్తను కొట్టి ఆమెను ఈడ్చుకెళ్లారు. అప్పుడు మేం ఊరేగింపులు తీశాం, వినతిపత్రాలు ఇచ్చాం. కానీ ఆ తర్వాత మా ఊళ్లలో ఆ సంఘటన ఎలా మిగిలింది? ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలనే హెచ్చరికగా మిగిలింది. ఆమె పక్కన మగతోడు ఉంది. ఆమె విహారానికి రాలేదు, కూలికి పోతోంది. అయినా అందరూ తీసుకున్న పాఠం ఆడవాళ్లు బయట పడుకోకూడదని. స్టేషన్లో రాత్రంతా దీపాలు వెలగాలని, తలుపు వేసుకుని పడుకోగలిగే గది ఉండాలని, కాపలా ఉండాలని పాఠం తీసుకున్నవాళ్లు తక్కువ. ఒక స్త్రీకి జరిగిన అన్యాయం మిగతా స్త్రీలందరికీ కర్ఫ్యూగా మారడం మనం చాలాసార్లు చూశాం. దాన్ని మళ్లీ ఒప్పుకోవడం ఆమెకు న్యాయం చేసినట్టు కాదు.

ఇంకో మాట. "శిబిరం" అంటే మా ప్రాంతంలో విహారం గుర్తుకు రాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమనూ రేపల్లె తీరాన్నీ ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, మిగిలినవాళ్లు సహాయ శిబిరాల్లో నెలల తరబడి బతికారు. మాలో అందరికంటే పెద్దావిడకు అప్పుడు పదిహేనేళ్లు. గుడారం అనగానే ఆమెకు ఇప్పటికీ తడిసిన గోనెపట్టా వాసన వస్తుందట. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపిన తర్వాత ఊరొదిలి వచ్చిన కుటుంబాలు తెనాలిలో శిబిరంలోనే తలదాచుకున్నాయి. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జూలై 17న కారంచేడులో హత్యలు జరిగినప్పుడు దళితులు చీరాల చేరి అక్కడి శిబిరం నుంచే ఉద్యమం నడిపారు. అంతెందుకు, ఈనాటికీ మిరపకోతల కాలంలో గుంటూరు పల్లెలకు కర్నూలు వైపు నుంచి వచ్చే కూలి ఆడవాళ్లు చేల గట్ల మీద బరకాలు కట్టుకుని, పసిబిడ్డలతో నెలల తరబడి వాటి కిందే ఉంటారు. వాళ్ల గుడారాల గురించి "ఆడవాళ్లు రాత్రి బయటా?" అని ఎవరూ కంగారుపడరు. వాళ్ల మానమర్యాదల గురించి ఆందోళన పడితే కోతలు ఎవరు కోస్తారు?

కనుక స్త్రీలు ఆరుబయట పడుకోవడం అసలు సమస్యే కాదు. కష్టానికి పడుకోవచ్చు, విపత్తుకు పడుకోవచ్చు, కూలికి పడుకోవచ్చు, దేవుడి పేరున జాగరం చేయవచ్చు. సంతోషానికి మాత్రం పడుకోకూడదు. ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఆ పద్నాలుగు ఇళ్ల బేరసారాల్లో దొరికింది.

బుకింగ్ కోసం ఫోన్ చేసినప్పుడు అవతలి గొంతు అడిగిన మొదటి ప్రశ్న "జెంట్స్ ఎవరు వస్తున్నారండీ?" అని. ఎవరూ రావడం లేదన్నాను. "అయితే మీవారి నంబరివ్వండి, ఎందుకైనా మంచిది," అన్నాడు. నాకు నలభై ఆరేళ్లు, డాక్టరేట్ ఉంది, ఇరవై ఏళ్లుగా సొంత సంపాదన మీద బతుకుతున్నాను. ఆ నిమిషంలో ఇవేవీ పనికిరాలేదు. రెండుసార్లు వాదించాక మా బృందంలో మరొకామె నంబరు తీసుకున్నాడు. ఆ కార్యాలయం పేరు రాయను. అక్కడి మనిషి చెడ్డవాడు కాదు. అతను అడగకపోతే ఇంకొకరు అడుగుతారు.

డిసెంబరులో ఒక శుక్రవారం రేపల్లె నుంచి నలుగురు సాయంత్రం ప్యాసింజరులో తెనాలి వచ్చారు. అక్కడ మేం ఆరుగురం కలిశాం. బాపట్లలో మరో నలుగురు ఎక్కారు. బాపట్ల దాటగానే వచ్చే చిన్న స్టేషను స్టువర్టుపురం. మాతో ఉన్న ఎరుకల యువతి కిటికీలోంచి చూపించి, "మా తాత తరంలో రాత్రిపూట ఇంకో ఊళ్లో పడుకుంటే జైలే మేడం," అంది. నిజమే. 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో పెట్టిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఒక దొర పేరు దానికి పెట్టారు. నేరస్త జాతుల చట్టం కింద అక్కడివాళ్లు ఊరు దాటాలంటే పాసు ఉండాలి, హాజరు పలకాలి. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయినా అనుమానం పోలేదు. రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగే అధికారం ఒకప్పుడు పోలీసుకు ఉండేది. అదే ప్రశ్నను ఇంట్లో మొగుడు, అత్త, అన్న, తమ్ముడు అడుగుతారు. రెండూ ఒకటేనని నేననను. పోలీసు అడిగితే జైలు, ఇంట్లో అడిగితే చీవాట్లు. ఎరుకల స్త్రీని మాత్రం రెండువైపుల నుంచీ అడిగారు.

తలకోన గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వెళితే ఎర్రావారిపాలెం మండలంలో నెరబైలు అనే ఊరు వస్తుంది. అది దాటాక శేషాచలం కొండల్లో ఉంది ఈ జలపాతం. ఎత్తు సుమారు 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తయిన జలపాతమని చెబుతారు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది. దారిపొడవునా గిల్లతీగ చెట్ల మీద నుంచి చెట్ల మీదికి తాళ్లలాగా అల్లుకుపోయి ఉంటుంది. ఈ అడవుల్లో ఎర్రచందనం పెరుగుతుంది, బంగారు బల్లి, దేవాంగపిల్లి బతుకుతాయి. 1989లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతం చేశారు. వర్షాలు పడ్డాక, అంటే అక్టోబరు నుంచి జనవరి దాకా, నీళ్లు బాగా ఉంటాయి.

జలపాతం పక్కనే గుడారం వేయడానికి వీల్లేదు, వేయకూడదు కూడా. కింద, మనుషులు మసిలే చోటే మాకు ఐదు గుడారాలు దొరికాయి. ఫోను సిగ్నలు లేదు. మొదటి గంట అందరికీ అదే బాధ. "పిల్లలకు అన్నం పెట్టారో లేదో," "ఆయన బీపీ మాత్ర వేసుకున్నారో లేదో." రెండో గంటకు ఒకామె నవ్వుతూ అంది: "సిగ్నల్ లేదంటే నేను లేనట్టే కదే. నేను లేకపోయినా వాళ్లకి జరుగుతుందని నాకు ఇవాళే తెలిసింది." అందరం నవ్వాం. నవ్వాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వంట దగ్గర మేం ఓడిపోయాం. ముందే వంతులు వేసుకున్నాం. అయినా పొయ్యి వెలగగానే ఎప్పుడూ వండే ఆ ముగ్గురే కూర్చున్నారు, ఎప్పుడూ మాట్లాడే మేం ఐదుగురం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. ఆ ముగ్గురిలో ఇద్దరు దళితులు, ఒకామె మా ఆఫీసులో అటెండరు. ఈ విషయం బయటకు అన్నది కూడా మేం కాదు, ఆ అటెండరే: "అక్కా, ఇంటి దగ్గరా నేనే, ఆఫీసులోనూ టీ నేనే, ఇక్కడ కూడా నేనేనా?" పితృస్వామ్యం గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్నదాన్ని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లేచి ఉల్లిపాయలు తరిగాను. ఉల్లిపాయలు తరగడం జవాబు కాదని నాకు తెలుసు. ఇంటి శ్రమ విభజన సంచీలో బట్టలతో పాటు మన వెంటే వస్తుంది. దాన్ని దింపుకోవడం కూడా పనే, అదీ వంతుల ప్రకారం చేయాల్సిన పని.

రాత్రి తొమ్మిదింటికి దీపాలు తీసేశాం. చీకటి ఎంత చిక్కగా ఉంటుందో మాలో సగంమందికి తెలియదు. దూరంగా నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అరవై మూడేళ్ల ఆ పెద్దావిడ గుడారం జిప్పు తీసి తల బయట పెట్టుకుని పడుకుంది. "ఉప్పెన తర్వాత డేరాలో పడుకుని ఆకాశం చూస్తే భయం వేసేది. మళ్లీ ఇవాళే చూస్తన్నా," అంది. ఇంకేమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కొందరు చదువరులు ఇక్కడ అడుగుతారని తెలుసు: తినడానికి తిండిలేని ఆడవాళ్లుండగా విహారం కూడా ఒక హక్కేనా? ఇది స్త్రీల సమస్యేనా?

అంకెలు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు ఆ పనుల్లో గడుపుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో ఇదే సర్వేలో స్త్రీలకు 299, మగవాళ్లకు 97. అంటే ఐదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్ల పని తొమ్మిది నిమిషాలు తగ్గింది! స్త్రీకి భూమి లేదని మాట్లాడతాం, వేతనం లేదని మాట్లాడతాం. సమయం లేదన్నది కూడా ఆస్తి లేకపోవడం లాంటిదే. విశ్రాంతి డబ్బున్నవాళ్ల సొత్తుగా ఉన్నంతకాలం పేద స్త్రీకి అది విలాసంగానే కనిపిస్తుంది. ఎనిమిది గంటల పనికోసం పోరాడిన కార్మికులు విశ్రాంతి కోసం కూడా ఎనిమిది గంటలు అడిగారు. వాళ్లను ఎవరూ విలాసపురుషులని అనలేదు.

మనకు ఈ సంప్రదాయం లేదనీ అనలేం. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు వెళ్లని తెలుగు ఆడవాళ్లుంటారా? కానీ వనభోజనం పగలే ముగుస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలై సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు, పల్లెటూరి స్త్రీలు రాత్రిళ్లు సారా దుకాణాల ముందు కాపలా కాశారు. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించక తప్పలేదు. ఆ రాత్రులను చరిత్ర మెచ్చుకుంది. ఎందుకంటే అవి కుటుంబం కోసం గడిపిన రాత్రులు. తనకోసం ఒక రాత్రి గడిపిన స్త్రీని మెచ్చుకోవడానికి మనకింకా మాటలు లేవు. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి స్త్రీల గురించి రాసిన పుస్తకంలో, ఏ పనీ లేకుండా బయట తిరగడం కూడా పౌరహక్కేనని వాదించారు. భద్రత పేరుతో ఇంట్లో కూర్చోబెట్టడం కంటే ప్రమాదాన్ని తానే అంచనా వేసుకుని బయటకు వెళ్లే హక్కు కావాలన్నారు. 2014 నుంచి బ్లాంక్ నాయిస్ అనే బృందం వివిధ నగరాల్లో స్త్రీలను పార్కుల్లో పగటిపూట పడుకోమని పిలుస్తోంది. నగరం పార్కులో పగలు కునుకు తీయడమే అంత సాహసమైతే, అడవిలో రాత్రి సంగతి చెప్పేదేముంది!

అయితే ప్రమాదం గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు ప్రమాదాలను కలిపేయకూడదు. మగవాడి వల్ల వచ్చే ప్రమాదం ఒకటి, అడవి వల్ల వచ్చే ప్రమాదం ఇంకొకటి. మొదటిది నేరం. దాన్ని అడ్డుకోవాల్సిన బాధ్యత సమాజానిదీ ప్రభుత్వానిదీ. రెండోది నేరం కాదు. అక్కడ మనమే అతిథులం. 2021 జనవరిలో కేరళలోని వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర ఒక రిసార్టు గుడారాల్లో దిగిన యువతిని ఏనుగు చంపింది. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ బాటలోకి వదలకుండా ఆంక్షలు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి కోసం తలకోనకే రాత్రిపూట అడవిదారిన నడిచి వెళుతున్న భక్తుల మీద అన్నమయ్య జిల్లా గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేస్తే ముగ్గురు చనిపోయారు. ఇవన్నీ తెలిసే వెళ్లాం. గీత గీసిన చోటు దాటలేదు, మిగిలిన అన్నం బయట పడేయలేదు, చీకటిపడ్డాక జలపాతం వైపు అడుగు వేయలేదు. మా స్వేచ్ఛకోసం ఏనుగు దారి తొలగాలని కోరడం స్త్రీవాదం కాదు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. ఏనుగు గురించి హెచ్చరించేవాళ్లు "అక్కడికి వెళ్లకండి, ఏనుగుల దారి" అంటారు. మగవాళ్ల గురించి హెచ్చరించేవాళ్లు కూడా అచ్చం అలాగే మాట్లాడతారు. అంటే మగవాడి హింస కూడా ప్రకృతిలో భాగమే, దానికి చట్టం లేదు, మనమే తప్పుకోవాలి అన్నట్టు. అడవి జంతువుకు ఇచ్చే మినహాయింపును మనిషికి ఇవ్వడానికి మనం ఒప్పుకోకూడదు.

తెల్లవారి మరుగుదొడ్ల దగ్గర ఊడుస్తున్న ఒకామెతో మాట కలిసింది. యానాది స్త్రీ. ఆ చుట్టుపక్కల పల్లెనే. "రాత్రి ఇక్కడే పండుకుంటిరా? చలిగా లేదా?" అని అడిగింది. నువ్వెప్పుడైనా ఇక్కడ పడుకున్నావా అన్నాను. "మా యమ్మ కాలంలో అడవిలోనే పండుకునేవాళ్లంట. తేనెకి, గడ్డలకి పోయి రెండు మూడు దినాలు ఉండి వచ్చేవాళ్లంట. ఇప్పుడు యాడ? పొద్దుగూకకముందే ఇంటికి పోవల్ల. అడవిలో కనబడితే కేసు," అంది.

నా జేబులో రసీదు ఉంది. అది ఉంది కాబట్టి ఆ అడవిలో నా నిద్ర చట్టబద్ధం. ఆమె తల్లికి రసీదు అవసరమే లేదు, ఇప్పుడు ఆమెకు రసీదు ఇచ్చేవాళ్లే లేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనం అంటే అభయారణ్యం కంటే కఠినమైన రక్షణ. పశువులను మేపడానికి లేదు, ఏదీ సేకరించడానికి లేదు. పర్యాటకులకు మాత్రం అనుమతి దొరుకుతుంది. అడవిని కాపాడాలన్న లక్ష్యంతో నాకు పేచీ లేదు. కాపాడే భారాన్ని ఎవరి మీద మోపాం, దాని సుఖం ఎవరికి పంచాం అన్నదే ప్రశ్న. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరుకుతున్నారంటూ ఇరవైమంది తమిళ కూలీలను కాల్చి చంపారు. ఎర్రచందనం దొంగతనం తప్పే. కానీ ఆ రోజు కొండ ఊళ్లలో వితంతువులైన ఆడవాళ్లు ఏ దొంగతనం చేశారు? చెట్టు నరికించి కోట్లు గడించినవాళ్ల ఇళ్లలో ఒక్క దీపమైనా ఆరిందా?

2006 అటవీ హక్కుల చట్టం జాతీయ ఉద్యానవనాలకూ వర్తిస్తుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కును గుర్తిస్తుంది. భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా, ఒంటరి స్త్రీ ఇంటిపెద్ద అయితే ఆమె పేరునే ఇవ్వాలంటుంది. అటవీ హక్కుల కమిటీలో మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలుండాలి. తలకోనలో పర్యాటకాన్ని వన సంరక్షణ సమితి ద్వారా నడిపిస్తారు. ఇలాంటి సమితుల్లో ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ అని నియమం. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నాయి. మనలాంటి సంస్థలు గుంటూరు, బాపట్ల జిల్లాల్లో కాలవగట్ల మీద గుడిసెల్లో బతికే యానాదుల మధ్య పనిచేస్తున్నాయి. పీతలు పట్టి, ఎలకలు పట్టి, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండి పొట్టపోసుకునే ఆ ఆడవాళ్లకూ తలకోనలో ఊడ్చే ఆమెకూ బంధుత్వం ఉంది. గట్టు మీది గుడిసెకు పట్టా అడిగితే కాలవ పోరంబోకు అంటారు. అడవిలో హక్కు అడిగితే ఉద్యానవనం అంటారు. తలదాచుకునే చోటు ఎక్కడా తనది కాని స్త్రీకి ఆరుబయట నిద్ర గురించి మేం పాఠం చెప్పబోవడం ఎంత అసంబద్ధమో ఆ పొద్దున నాకు తెలిసింది.

అయినా మేం వెళ్లడం తప్పనుకోవడం లేదు. మన సంతోషానికి సిగ్గుపడితే ఆమెకు హక్కు రాదు. ఆమెకు లేనిదాన్ని చూసి మన హక్కును వదులుకోవడం కాక, మన హక్కును అడిగేటప్పుడే ఆమె హక్కునూ కలిపి అడగాలి. అందుకే ఈ సంపాదకీయంలో కొన్ని కోర్కెలు పెడుతున్నాను.

జంక్షన్ స్టేషన్లలో, చివరి స్టేషన్లలో, బస్టాండుల్లో స్త్రీలు రాత్రి తలుపు వేసుకుని పడుకోగలిగే ఉచిత విశ్రాంతి గదులుండాలి. అందులో మరుగుదొడ్డి, నీళ్లు, దీపం, కాపలా ఉండాలి. పర్యాటక కేంద్రాల్లో బస కోసం వచ్చిన స్త్రీని మగతోడు పేరు అడగడం మానాలి. అక్కడ స్థానిక స్త్రీలను ఊడ్చే పనికే పరిమితం చేయకుండా మార్గదర్శులుగా, కాపలాదారులుగా నియమించి సరైన జీతం ఇవ్వాలి. శేషాచలం చుట్టూ ఉన్న యానాది, ఇతర గిరిజన కుటుంబాల అటవీ హక్కుల దరఖాస్తులను గ్రామసభల ముందు, స్త్రీల సమక్షంలో పరిష్కరించాలి. మిరపకోతల కూలీలకు గుడారం వేసే చోట నీళ్లు, వెలుతురు, మరుగు కల్పించే బాధ్యత రైతుదనీ పంచాయతీదనీ ఒప్పించాలి. ఇక మనవైపు నుంచి: మన సంస్థల్లో పనిచేసే ప్రతి స్త్రీకి, అటెండరుతో సహా, ఏడాదికి రెండు రోజులు జీతంతో కూడిన విహారం ఇవ్వాలి. ఆ రెండు రోజులూ ఆమె టీ పెట్టకూడదు.

తిరుగు ప్రయాణంలో బాపట్లవాళ్లు దిగిపోయారు. బండి ఆలస్యమై తెనాలి చేరేసరికి రాత్రి రెండు దాటింది. రేపల్లెకు తెల్లవారితే గానీ బండి లేదు. రేపల్లెవాళ్లు నలుగురూ సంచులు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. ఎవరూ రేపల్లె స్టేషను పేరు ఎత్తలేదు, అందరికీ అదే గుర్తుంది. మా ఇళ్లు నడిచివెళ్లే దూరంలో ఉన్నాయి. అయినా తెనాలివాళ్లం ఆరుగురం ఇళ్లకు వెళ్లలేదు. దుప్పట్లు తీసి పరుచుకున్నాం. పక్కనే మూటల మీద తల పెట్టుకుని ఒక కూలి కుటుంబం పడుకుని ఉంది. ఆ తల్లి ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూసింది. ఇంతమంది ఆడవాళ్లను చూసి కాబోలు, బిడ్డను దగ్గరకు లాక్కుని రెండు కళ్లూ మూసుకుంది.

తలకోనలో మేం కొనుక్కున్న నిద్ర కంటే ఆమె నిద్ర నాకు ముఖ్యమనిపించింది. వచ్చే సంచికలోపు మీరు నలుగురైదుగురు కలిసి మీ ఊరి స్టేషన్లోనో బస్టాండులోనో ఒక రాత్రి గడపండి. అక్కడ దీపాలెన్ని, మరుగుదొడ్డికి తాళం ఉందా, కాపలా ఎవరు, పడుకున్న ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లు ఏ ఊరివాళ్లు, ఏ పనికోసం వచ్చారు అన్నవి రాసి పంపండి. ఆ వివరాలతో అందరం కలిసి రైల్వే అధికారుల దగ్గరకూ కలెక్టర్ల దగ్గరకూ వెళదాం. తలకోనకు మళ్లీ డిసెంబరులో వెళతాం. వచ్చేవాళ్లు ముందుగా పేర్లు ఇవ్వండి. వంటకు వంతులు ఈసారి కాగితం మీద రాసి, మొదటి వంతు నా పేరున పెట్టాను.